సహజ ఒక్కపొద్దులు

బాన్సువాడ,
10 ఏప్రిల్ 2025, గురువారం.

చెల్లె శ్రీలతకు,

ముందు జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను. అభిప్రాయాలు చివర.

1. మొన్న మంగళవారం ఏకాదశి. నీ కూతురు సహజ రోజంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఉపవాసంలో మన ఇంట్లో చెల్లే సాబుదానా కిచిడీ కూడా వద్దన్నది.

2. నిన్న ద్వాదశి. ఒక్కపొద్దు విడవడానికి మీ వదిన మంజులత అన్నం, పెసరపప్పు, వంకాయ కూర వడ్డించింది. సహజ పళ్లెం తీసుకొని, వెనుక అరుగు మీద గాలికి కూర్చొని తింటానని వెళ్ళింది.

3. కొంతసేపటికి పళ్లెం పడిన చప్పుడైంది. మేము వెళ్ళేసరికి సహజ బట్టలుతికే బండ పక్కన స్పృహ లేకుండా ఉంది. పళ్లెంలో మెతుకు లేదు. అన్నమంతా చున్నీ కొంగులో మూటకట్టి ఉంది.

4. ఇక్కడి దవాఖానలో నాడి చూసి, ఈ వయసు పిల్లకు ఇంత నెమ్మదిగా కొట్టుకోకూడదని, వెంటనే నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు.

5. నిజామాబాద్‌లో గుండె పరీక్షలయ్యాక మమ్మల్ని ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె మనసుకు వైద్యం చేసే డాక్టరు. "ఎప్పటి నుంచి తక్కువ తింటోంది?" అని అడిగింది. "తక్కువ తినుడు గాదు మేడం, ఒక్కపొద్దులుంటది," అని మంజులత కొంచెం గర్వంగానే చెప్పింది. ఏయే రోజులు అని అడిగితే మంజులత వేళ్ళు మడిచింది. సోమవారం శివునికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు, నెలకు రెండు ఏకాదశులు, సంకట చతుర్థి, ఈ మధ్య మంగళవారం హనుమంతునికి. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "మరి తినే రోజు ఏదమ్మా?" అన్నది.

6. జబ్బు పేరు అనొరెక్సియా. ఆకలి లేకపోవడం కాదు. ఆకలి ఉంటుంది, తింటే లావైపోతాననే భయం ఆకలి కంటే పెద్దదిగా ఉంటుంది. ఎంత ఎండిపోయినా అద్దంలో తనకు తాను లావుగానే కనబడుతుందట. ఇది గుండెను దెబ్బతీస్తుంది, ప్రాణాలు పోయిన పిల్లలున్నారు, అని సహజను బయట కూర్చోబెట్టి మాతో చెప్పింది. బరువు అంకెను ఇంట్లో ఎవరూ పలకవద్దన్నది. అందువల్ల ఆ అంకె నా దగ్గర ఉన్నా ఇక్కడ రాయడం లేదు.

ఫోన్ చేయక ఉత్తరం ఎందుకని నీవు అడుగుతావు. భివండిలో మీది ఒకటే గది. సంపత్ బావ రాత్రి పాళీలో మగ్గాల దగ్గర పనిచేసి పగలు నిద్రపోతాడు. నీవు ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంట చేసుకుంటూ మాట్లాడతావు, గోడకవతలి వాళ్ళు జవాబులిస్తారు. పైగా ఫోన్‌లో నీవు ఏడుస్తావు, నేను కోపగించుకుంటాను, విషయం అక్కడే ఉండిపోతుంది. భివండి బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను, రేపటికి అందుతుంది.

నా అభిప్రాయం ఒక్కటే. నాలుగేళ్ళుగా పిల్ల నా ఇంట్లో ఉంది. కనుక దీన్ని నేనే చక్కబెడతాను. నీవు ధైర్యంగా ఉండు.

ఉదయం 6.40.
కోడం భూమేశ్వర్

*

భివండి,
16 ఏప్రిల్

అన్నా,

నీ ఉత్తరం డ్రైవర్ ఇచ్చిపోయిండు. ఆరు నంబర్లేసి రాసినవు. నా బిడ్డ పడ్డదన్న ముచ్చట మూడో నంబర్ల ఉన్నది. ముందుగాల పడ్డదని రాసి, తర్వాత వంకాయ కూర సంగతి రాయరాదె? కింద ఇంటిపేరుతోని సంతకం ఒకటి. చెల్లెకు రాస్తున్నవా, తాసిల్దార్‌కు రాస్తున్నవా?

ఒక్కపొద్దు జబ్బు ఎప్పటి సంది అయింది అన్నా? మా అత్త సోనాబాయి యాభై ఏండ్ల సంది ఏకాదశి పడుతుంది. డెబ్బై దాటినా ఏటేటా తన ఊరు డోంగ్లి నుంచి పండరిపురం దాక నడుస్తది. ఆమెకు ఏ డాక్టరమ్మ పేరు పెట్టలే. కార్తీకంల భజన మండలోళ్లు నా బిడ్డకు శాలువ కప్పి మొక్కిండ్రు. గా ఫోటో నాకు పంపింది నువ్వే. ఏ వారం ఏ దేవునికో రంగు పెన్నులతోని చార్టు రాసి, లామినేషన్ చేపిచ్చి గోడకు కొట్టింది ఎవరు? నువ్వే గద. నేను గా ఫోటో మా గల్లీల అందరికి చూపెట్టిన. ఇప్పుడు నువ్వే జబ్బంటవు.

నన్ను అడిగితె ఇందుల మాట ఏదో ఉన్నది. వదిన పొద్దుగాల లేస్తే బీడీల చాట ఒళ్లె పెట్టుకొని కూసుంటది. పిల్ల తిన్నదా లేదా చూసే తీరిక ఆమెకెక్కడిది? తినేకాడ ఎవరన్న ఏమన్న అన్నరా? పరాయింట్ల ఉన్న పిల్ల ఒక్క మాట పడితె నోరు కట్టుకుంటది. ఎవరు ఏమన్నరో కనుక్కొని రాయి.

మా అత్తకు చెప్పిన. ఆమె మొక్కింది. ఈ ఆషాఢానికి సహజను తనెంబడి పండరిపురం పోయే భక్తుల దిండీల నడిపిస్తనన్నది. విఠోబా గుడి మెట్టు ఎక్కితె అంత మంచిగైతదట. జూన్ల బయలెల్లుతరు. అందాక గా పిచ్చోళ్ల డాక్టర్ కాడికి మళ్ల తీస్కపోకు. డోంగ్లిల తెలిసిందంటే పిల్ల పేరు ఖరాబు. ఎంసెట్ గూడ దగ్గరకొచ్చింది, యాది పెట్టుకో.

మీ బావ నీకు నమస్తే చెప్పమన్నడు. నేను చెప్తలేను.

శ్రీలత

*

బాన్సువాడ,
27 ఏప్రిల్ 2025, ఆదివారం.

చెల్లె శ్రీలతకు,

నీ ఉత్తరంలోని అంశాలకు నీవు రాసిన వరుసలోనే జవాబిస్తున్నాను.

చార్టు నేను రాసిన మాట నిజం. తీసేశాను. లామినేషన్ కనుక చించడానికి రాలేదు, కత్తెరతో కత్తిరించాను.

మంజులత గురించి నీవు రాసిన పేరాను ఆమెకు చదివి వినిపించలేదు. ఆమెకు చదువు వచ్చును గనుక తనే చదువుకున్నది. అప్పటి నుంచి ఇంట్లో నీ పేరు వినబడడం లేదు.

తినేచోట ఎవరేమన్నారో కనుక్కొని రాయమన్నావు. కనుక్కున్నాను. సహజ డాక్టరమ్మకు చెప్పింది, డాక్టరమ్మ సహజ అనుమతితో నాకు చెప్పింది. కిందటి దసరాకు పిల్ల భివండి వచ్చినప్పుడు నీవు గల్లీ ఆడవాళ్ళ ముందు దాని భుజం పట్టుకొని తిప్పి చూపిస్తూ, "ఎన్కట గుండ్రాయి లెక్క ఉండె, ఇప్పుడు సూడుండ్రి, బంగారు బొమ్మ," అన్నావట. తిరిగి వచ్చిన వారంలోనే శనివారం పొద్దు మొదలైంది. నిన్ను నిందించడం నా ఉద్దేశం కాదు. రికార్డు కోసం రాస్తున్నాను.

దిండీకి పంపను. ఇరవై రోజులకు పైబడిన నడక అది, ఎండా వానా నెత్తి మీదే. డాక్టరమ్మ మేడమెట్లే ఎక్కవద్దన్న పిల్లను పండరిపురం నడిపించడం ఏ దేవునికీ సమ్మతం కాదు. సోనాబాయి అత్తకు నా మాటగా చెప్పు. ఎంసెట్ కూడా ఈ ఏడు రాయించడం లేదు. డాక్టరమ్మ వద్దన్నది.

ఇక వైద్యం. ఆమె చెప్పిన పద్ధతి ఇది: రోజుకు మూడు భోజనాలు, నడుమ రెండుసార్లు చిరుతిండి. పక్కన ఒకరే కూర్చోవాలి. తిండి మాట ఎత్తకూడదు, పొగడకూడదు, తిట్టకూడదు, లోకం సంగతులు మాట్లాడాలి. తిన్న తరువాత కొంతసేపు ఒంటరిగా వదలకూడదు. ఈ బాధ్యతను నేనే తీసుకున్నాను. మంజులతకు ఓపిక ఉంది గాని పద్ధతి చాలదు.

ఈ యాసంగి పంట చివర నా రిపేరు షాపులో పొలం మోటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వర్ని నుంచి, రుద్రూర్ నుంచి రైతులు వచ్చి నా మీద కేకలు వేసి పోతున్నారు. అయినా ప్రతి పూటా వైండింగ్ ఆపి ఇంటికి వస్తున్నాను. సహజ ఎదుట కుర్చీ వేసుకుంటాను. మొదటి రోజు ఒక సంభాషణ జరిగింది.

"మామా, నువ్వు గట్ల నా నోట్లెకు చూస్తుంటె ఎట్ల తినాలె?"

"నోట్లోకి చూస్తలేను బిడ్డా. పళ్లెంలకు చూస్తున్నా."

"గదే."

మరొక రోజు, "మోటార్ కాలిపోతె ముందుగాల నువ్వేం చేస్తవు మామా?" అని అడిగింది. విప్పి ఏ కాయిల్ మాడిందో చూస్తానని చెప్పాను. "నన్ను గూడ విప్పుతున్నవా?" అన్నది. నేను నవ్వాను. హాస్యమాడుతోందంటే మనసు కుదుటపడుతోందని నా లెక్క.

ఫలితం: పెట్టినదంతా తింటోంది. పదహారు రోజులలో ఒక్క పూట కూడా తప్పలేదు. నీవు నిశ్చింతగా ఉండవచ్చు.

మధ్యాహ్నం 2.15.
కోడం భూమేశ్వర్

*

భివండి,
11 మే

అన్నా,

స్నానాల గది గొళ్లెం ఊడదీసినవా లేదా? ఒక్క మాట రాయి. నంబర్లేయకు.

నిన్న సహజ ఫోన్ చేసింది. ఏడ్వలే. ఏడిస్తే మంచిగుండు. "అమ్మా, మామ గొళ్లెం ఇప్పిండు. తానం చేసేటప్పుడు తలుపుకు బకెట్ అడ్డం పెట్టుకుంటున్న," అన్నది. పదిహేడేండ్ల పిల్ల అన్నా. ఆ ఫోన్ స్పీకర్ల ఉండె. మీ బావ విన్నడు. ఒక్క మాట అనలే. అంగి ఏసుకొని బయటికి పోయిండు. ఏమన్న అంటె నేను నీ దిక్కు కొట్లాడుదును. అననందుకే నాకు భయమైతుంది.

బంగారు బొమ్మ అన్నందుకు నా బిడ్డకు పానం మీదికొచ్చిందా? నాలుగు నెలలకోసారి చూస్తున్న బిడ్డను చూసి, కండ్లు సల్లబడి అన్న మాట గది. దాన్ని నువ్వు రికార్డు కోసం రాసిపెట్టినవు. ఏ రికార్డు అది, ఎవరికి చూపెడతవు?

నాలుగేండ్లు బిడ్డను దూరం పెట్టిన. ఎందుకు? "తెలంగాణల సీటు రావాలంటె ఈడనే చదవాలె, అప్పుడే లోకల్ అంటరు, నా దగ్గర వదిలిపెట్టు," అన్నది నువ్వు. ఇప్పుడు పరీక్షే లేదంటవు. అంటే నాకు బిడ్డ లేకపాయె, బిడ్డకు సీటు లేకపాయె.

మా అత్త వస్తుంది. పిల్లను డోంగ్లి తోలుకపోతది, ఆడికెల్లి దిండీకి. అడ్డం పడ్డవంటె ఇగ నాకు అన్న లేడనుకుంట.

శ్రీలత

*

బాన్సువాడ,
25 మే 2025, ఆదివారం.

చెల్లె శ్రీలతకు,

తీశాను.

నంబర్లు వేయవద్దన్నావు, వేయను. కాని కారణం చెప్పనివ్వు. తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. పిలిస్తే పలికేది కాదు. లోపల మళ్ళీ పడిపోతే తలుపు పగలగొట్టేంతలో ఏమవుతుందో అని నాకు భయం వేసింది. మంజులత బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయిన సమయంలో స్క్రూ డ్రైవర్ తెచ్చి విప్పాను. ఎవరినీ అడగలేదు. ఆమె వచ్చి చూసి, "ఆడపిల్ల తానాల గది గొళ్లెం గది. నీ షాపుల మోటార్ బోల్టు గాదు. ఎవరికన్న చెప్పుకుంటె నిన్ను ఏమనుకుంటరో తెలుసా?" అన్నది. ఏమనుకుంటారో అంతవరకూ నాకు తట్టలేదు. ఆ సాయంత్రమే తిరిగి బిగించాను. అంటే సహజ నీకు ఫోన్ చేసేనాటికి గొళ్లెం దాని చోట ఉంది. అయినా బకెట్ అడ్డం పెట్టుకుంటూనే ఉన్నది. ఈ సంగతి నీ ఉత్తరం చూశాకనే నాకు తెలిసింది.

సోనాబాయి అత్త పదిహేడున వచ్చింది. గడపలోనే నన్ను పట్టుకుంది. "ఏందిరా భూమేశా, ఆడపిల్లల తలుపులు గూడ రిపేర్ చేస్తున్నవట?" అన్నది. నేను తలవంచుకున్నాను. పిల్ల బట్టలు సర్దమని మంజులతకు చెప్పి, ప్రయాణానికి ముందు తలకు పోస్తానని సహజను స్నానాల గదిలోకి తీసుకుపోయింది. లోపల చాలాసేపు నీళ్ళ చప్పుడు. తరువాత నీళ్ళ చప్పుడు లేదు, మాటా లేదు.

బయటికి వచ్చి తడిచీరతోనే నేల మీద కూర్చుంది. మంజులత ఇచ్చిన టీ తాగలేదు. ఇట్లా అన్నది: "వీపు రుద్దుతుంటె ఎముకలు చేతికి దొరుకుతున్నయి. చంటిపిల్లకున్నట్టు ఒంటినిండ నూగు మొలిచింది. యాభై ఏండ్ల సంది పొద్దులుంటున్న నేను. పొద్దులుండేటోళ్ల ఒళ్లు నాకు తెల్వదా? గిది పొద్దు గాదు."

మన వైపు జబ్బుపడ్డవాళ్ళ మొక్కును ఇంటి పెద్దలు నీళ్ళు విడిపించుకొని తమ మీద వేసుకుంటారు కదా. సహజను పిలిచి, చేతికి చెంబు ఇచ్చి, తన దోసిలి పట్టింది.

"పోరీ, నీ పొద్దులన్నీ ఇటు పొయ్యి. సోమారం నాది, బేస్తారం నాది, శనారం నాది. విఠోబాతోని నేను మాట్లాడుకుంట. నువ్వు జేవ్, బాళా. తిను."

సహజ చెంబు పట్టుకొని నిలబడింది. పొయ్యలేదు.

"వద్దు ఆజీ. గవి గూడ తీస్కుంటె నా దగ్గర ఏముంటది?"

"నువ్వుంటవు."

"నేను వద్దు."

ముసలమ్మే మనవరాలి చేయి పట్టి చెంబు వంచింది. నేలంతా నీళ్ళయ్యాయి. మేమందరం మంచి పని జరిగిందనుకున్నాం. ఆ పూట సహజ అన్నం ముట్టలేదు. ఇదివరకు ఏదో ఒక దేవుని పేరు చెప్పేది, మేము దండం పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు "తినను" అని మాత్రమే అన్నది. మరునాడూ అంతే. మూడోనాడు నిజామాబాద్‌లో చేర్పించాం. రక్తంలో లవణాలు పడిపోయాయని, గుండె తప్పటడుగులు వేస్తోందని చెప్పి, మూడు రోజులు యంత్రాలకు కట్టి ఉంచారు. ఆ మూడు రోజులూ నీకు ఫోన్ చేయలేదు. మంజులత చేస్తానంటే కూడా నేనే ఆపాను. కుదుటపడ్డాక ఒకేసారి చెబుదామనుకున్నాను. ఇప్పుడు ప్రాణభయం దాటింది. వార్డులో ఉన్నాం.

కిందటి ఉత్తరంలో ఒక్క పూటా తప్పలేదని రాశాను. ఆ వాక్యాన్ని రద్దు చేసుకో. నా ఎదుట తిన్నది నా ఎదుట మాత్రమే తిన్నది. నేను లేచిన తరువాత ఏం జరిగేదో డాక్టరమ్మ చెప్పింది, నీకు రాయను. "మీరు కాపలా కాశారు, ఆమె దొంగ అయింది. పక్కన కూర్చోమంటే ఎదురుగా ఎందుకు కూర్చున్నారు?" అన్నది.

సోనాబాయి అత్త వార్డు వరండాలో నాతో అన్న మాట నీకు చేరవేయమన్నది. "విఠోబా నడిచి రమ్మన్నడు. సచ్చి రమ్మనలే. నా కోడలికి చెప్పు, మొక్కు నేను తీరుస్త, పిల్లను అడగొద్దని."

సాయంత్రం 5.30.
కోడం భూమేశ్వర్

*

భివండి,
1 జూన్

అన్నా,

మూడు దినాలు నా బిడ్డ యంత్రాల మీద ఉంటె, ఈడ నేను పక్కింటోళ్ల పెండ్లిల లడ్డూలు కడుతున్న. కుదుటపడ్డంక ఒక్కసారే చెబుదామనుకున్నవా? ఒకవేళ కుదుటపడకపోతె? అప్పుడు గూడ బస్సు డ్రైవర్ చేతికే ఇచ్చి పంపుదువా?

నేను వస్తున్న. పనికాడ సేటును లీవు అడిగిన. వచ్చే ఆదివారం బస్సుకు సీటు దొరికింది. వచ్చి దాని పక్కన కూసుంట. చిన్నప్పుడు దానికి జొన్నరొట్టె పాలల్ల పిసికి, బుక్క బుక్క నేనే పెడుదును. మూడేండ్లొచ్చినా నా చేతితోని పెడితెనే తినేది. నా చేతితోని పెడితె ఎందుకు తినదు? మీకెవరికి పెట్టరాక ఇంత దూరం తెచ్చిండ్రు.

వదినను నేను అనరాని మాట అన్న. దవాఖానల రాత్రింబగళ్లు ఆమెనే ఉన్నదని మా అత్త ఫోన్ల చెప్పింది. నా మాట వాపస్ తీస్కుంటనని చెప్పు. తీస్కోనిస్తదా?

ఒక్కటి అడుగుత, కోపం జేయకు. నన్ను రావొద్దని అంటవేమో. అట్ల అంటె నా మీద పగ తీర్చుకుంటున్నవనే అనుకుంట. గా గొళ్లెం ముచ్చటకు.

శ్రీలత

*

బాన్సువాడ,
12 జూన్ 2025, గురువారం.

చెల్లె శ్రీలతకు,

నీ ఉత్తరం చూసి ఫోన్‌లో "బస్సు ఎక్కకు" అని మాత్రమే చెప్పి పెట్టేశాను. నీవు తిరిగి చేసినా ఎత్తలేదు. పగ అనుకున్నావు. సంపత్ బావ కూడా అలాగే అనుకున్నాడని, ఇక నా గడప తొక్కనని అన్నాడని సోనాబాయి అత్త ద్వారా తెలిసింది. ఆయన అనుకోవడానికి నేను అవకాశం ఇచ్చాను, తప్పుపట్టను. నీకు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి సహజను అడిగింది: "ఇంట్లో ఎవరు పక్కనుంటే తినగలవు?" నీ పేరో నా పేరో చెబుతుందనుకున్నాను. నా పేరు చెబితే ఏ వేళలు కుదురుతాయో కూడా మనసులో అనుకుంటున్నాను. "అత్త," అని మంజులత వైపు చూపింది. ఎందుకని అడిగితే, "అత్త నా పళ్లెం చూడది. చాట చూస్తది," అన్నది.

ఇప్పుడు పద్ధతి అదే. మంజులత ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ కూర్చుంటుంది. పక్కన గోడకు ఆనుకొని సహజ. కంపెనీవాడు చెత్త ఆకు ఇచ్చాడని, ఎవరి కోడలు అలిగి పోయిందని, ఇట్లాంటివే మాటలు. చేతులకు పని ఉండడం వల్ల కళ్ళు పళ్లెం మీదికి పోవు. సహజ ఆగిపోతే ఈమె కూడా చుట్టడం ఆపి, ఆకు సర్దుకుంటూ ఊరికే ఉంటుందట. తిను అనదట. మళ్ళీ చేయి కదిలితే మళ్ళీ చుడుతుందట. ఒక్క భోజనానికి గంట, గంటన్నర. బీడీలు రోజూ తక్కువ పడుతున్నాయని కంపెనీవాడు ఇంటికి వచ్చి గొణిగాడు. "నీకు బీడీలు కావాల్నా, నాకు పిల్ల కావాల్నా, పో," అన్నది. ఇవన్నీ నేను చూసినవి కావు. మంజులత చెప్పగా విన్నవి.

కొన్ని పూటలు అయిపోతున్నాయి. కొన్ని పూటలు సగంలో పళ్లెం తోసేస్తోంది, అత్త మీద అరుస్తోంది. ఒకసారి చాట ఎత్తి విసిరింది. పొగాకంతా ఇల్లంతా పడింది. ఇద్దరూ కూర్చొని ఏరుకున్నారట. ఏడాది పడుతుందని డాక్టరమ్మ అన్నది. రెండేళ్ళూ కావచ్చట. కొందరు బయటపడరని కూడా అన్నది. ఈ చివరి మాట నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కిందటిసారి దాచి నీతో పడరాని మాట పడ్డాను కనుక రాస్తున్నాను.

నీ విషయం. నీవు వచ్చి చేత్తో తినిపిస్తానన్నావని డాక్టరమ్మకు చెప్పాను. నీ పక్షాన వాదించాను కూడా, తల్లి కదా అని. ఆమె ఆ మాట సహజనే అడిగింది. అది చెప్పింది రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు. "అమ్మ వస్తె ఏడుస్తది. ఏడిస్తె అమ్మ కోసం తినాలె. మామ కూసుంటె మామ కోసం తినాలె. దేవుని కోసం అయితె తినకున్నా మొక్కుతుండిరి. ఇప్పుడు గదీ లేదు. అమ్మను ఇప్పుడే రానియ్యకుండ్రి." డాక్టరమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది. భోజనం వేళల్లో ఇంట్లో నేను ఉండకూడదు. పిల్ల తానుగా పిలిచేదాకా నీవు రాకూడదు. నన్ను బయటికి పంపిన కాగితం మీదే నిన్ను ఆపారు. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ. పగ మాత్రం కాదు.

నీ మాట వాపసు సంగతి మంజులతకు చెప్పాను. చాట దులిపి పక్కన పెట్టింది. తరువాత, "వాపస్ తీస్కునుడు తర్వాత. ముందుగాల ఫోన్ల పిల్లను 'ఏం తిన్నవే' అని అడుగుడు బంద్ చేయమను. వేరే ఏదన్న మాట్లాడుమను. సినిమాలు లేవా, చీరలు లేవా?" అన్నది. ఇంతకు మించి ఆమె నుంచి నేను ఆశించలేదు. నీవూ ఆశించకు.

సోనాబాయి అత్త మొన్న దిండీతో డోంగ్లి నుంచి బయలుదేరింది. పోయేముందు వచ్చి సహజ తల నిమిరి పోయింది. ఆమె ఇప్పుడు వారానికి ఎన్ని పొద్దులు పడుతోందో నేను అడగలేదు. ఈ వయసులో నడుస్తూ పడుతోంది. ఆ భయం వేరే ఉంది.

ఈ ఉత్తరం షాపులో కూర్చొని రాస్తున్నాను. పన్నెండున్నర కాగానే నేను ఇల్లు వదిలి వచ్చేయాలి. పూట అయిపోయాక మంజులత ఫోన్ చేసి "రా" అంటుంది. అంతే. తిన్నదా అని నేను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. నా అన్నం కూడా డబ్బాలో ఇక్కడికే వస్తుంది. ఈ రోజు పని లేదు, వానలు పడ్డాక మోటార్లు తేవడం తగ్గింది. విప్పడానికి ఏమీ లేక కూర్చున్నాను. డబ్బా మూత తీయలేదు.

ఫోన్ మామూలుగా రెండింటికి ముందే వస్తుంది. నిన్న రెండుంపావుకు వచ్చింది. ఈ రోజు ఇంకా రాలేదు.

మధ్యాహ్నం 3.10.
కోడం భూమేశ్వర్